35 వేలలో తేలికపాటి ల్యాప్‌టాప్: కొత్తదా, రీఫర్బిష్డ్‌దా?

బీటెక్ సీఎస్‌ఈ మొదటి ఏడాది చదివే మా చెల్లెలికి ల్యాప్‌టాప్ కొనాలి. హాస్టల్ నుంచి రోజూ మోసుకెళ్లాలి కాబట్టి ఛార్జర్‌తో కలిపి రెండు కిలోలు దాటకూడదు. పైథాన్, జావా, తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియో. గేమ్స్ అక్కర్లేదు.

ఈ ధరలో వచ్చే కొత్తవాటిలో కొన్నింటికి 8 జీబీ ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసి (అతికించేసి) ఇస్తున్నారు, అదనపు స్లాట్ లేకపోతే తర్వాత పెంచే దారి ఉండదు. అలాంటివి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) తెరవగానే ర్యామ్ చాలక ఎస్‌ఎస్‌డీ మీద భారం పడి మొరాయిస్తాయి. ఈఎంఎంసీ స్టోరేజ్ (ఎస్‌ఎస్‌డీ కంటే నెమ్మదిగా పనిచేసేది) ఉన్నవాటిని అసలు చూడట్లేదు.

అందుకే రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మే) డెల్ లాటిట్యూడ్ 7490 వైపు మొగ్గుతున్నాను. 14 అంగుళాల తెర, దాదాపు 1.4 కిలోలు, ర్యామ్‌కు రెండు స్లాట్లు. 8వ తరం ప్రాసెసర్ ఉన్నదే తీసుకోవాలి, 7వ తరం ఐ5కి విండోస్ 11 సపోర్ట్ లేదు. థింక్‌ప్యాడ్ ఎక్స్280 ఇంకా తేలికే గానీ దాని ర్యామ్ కూడా సోల్డరే.

నా భయమంతా బ్యాటరీ గురించే. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినా, క్లిక్ సరిగా పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, అలాంటిది ఎలాగూ వద్దు. పైకి బాగున్నవాటి సంగతే తేలట్లేదు. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్‌లో ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పట్టే ఛార్జ్), డిజైన్ కెపాసిటీలో (కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంలో) ఎంత శాతం కంటే తగ్గితే వద్దనుకోవాలి? కొత్త బ్యాటరీ వేయిస్తే ఒరిజినల్‌దో కాదో ఎలా తేల్చుకోవాలి? ఈ మోడల్ వాడినవాళ్లు తెర వెలుతురు, హింజ్‌ల గట్టిదనం గురించి కూడా చెప్పండి.