స్వర్ణోత్సవ సంచిక జిప్ ఫైలును జీమెయిల్ పంపనివ్వడం లేదు; నిజంగానే వైరస్ ఉందా?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా ఊరి ఉన్నత పాఠశాల స్వర్ణోత్సవ సంచిక పనిని పూర్వ విద్యార్థులు నాకు అప్పగించారు. మొదటి విడతగా 24 పేజీలను ఇక్కడి డీటీపీ సెంటరులో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చి, తొమ్మిది ఫొటోలతో సహా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారు. ఆ ఫోల్డరును నా కంప్యూటరులోకి కాపీ చేసుకుని, 7-జిప్‌తో ఒకే ఫైలుగా కట్టి, విజయవాడలోని ప్రెస్సుకు పంపబోతే చిక్కు వచ్చి పడింది. జిప్ 18 ఎంబీ మాత్రమే ఉంది కనుక జీమెయిల్ పెట్టిన 25 ఎంబీ పరిమితి దీనికి కారణం కాదు. ఫైలు ఎక్కుతున్న గీత చివరిదాకా వస్తుంది, ఆ తరువాత భద్రతా కారణాల వల్ల నిరోధించామన్న సందేశం కనబడుతుంది.

జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి చూశాను, అదే మాట వచ్చింది. పేరు చివర జిప్ అన్నది తీసేసి జేపీజీ అని మార్చి చూశాను, అదీ పని చేయలేదు. చివరకు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాను. ప్రెస్సువారు దించుకుని విప్పగానే వాళ్ల యాంటీవైరస్ రెండు ఫైళ్లను తీసి పక్కన పెట్టిందట. "ముందు మీ సిస్టం చూపించుకోండి మాస్టారూ" అని ఫోనులో చెప్పారు. నా యాంటీవైరస్‌తో ఆ ఫోల్డరును స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: సర్వర్ గది

మాస్టారూ, మీకు వచ్చిన సందేశంలోని మాటలను శ్రద్ధగా చదివి రాసినందుకు ముందుగా ధన్యవాదాలు, ఎందుకంటే మా కార్యాలయంలో మెయిల్ సర్వర్ చూసుకునే నాకు రోజూ వచ్చే ఫిర్యాదుల్లో చాలామంది "వైరస్ అంటోంది" అని మాత్రమే చెబుతారు. వైరస్ దొరికిందని చెప్పడం వేరు, ఈ రకం ఫైలును అనుమతించబోమని చెప్పడం వేరు, లోపల చూడలేకపోయామని చెప్పడం వేరు. మీకు వచ్చినది రెండవది. అంటే జీమెయిల్ మీ జిప్‌లో వైరస్‌ను పట్టుకున్నదని ఇంకా చెప్పలేము; అందులో ఉండకూడని రకం ఫైలు ఒకటి ఉన్నదని మాత్రం చెప్పవచ్చు.

ఈఎక్స్‌ఈ (ప్రోగ్రాము), బ్యాట్, వీబీఎస్ (కంప్యూటరుకు ఆదేశాలిచ్చే స్క్రిప్టు), ఎల్‌ఎన్‌కే (షార్ట్‌కట్), ఎంఎస్ఐ, ఐఎస్ఓ వంటి రకాలను జీమెయిల్ అసలే తీసుకోదు. 2017 ఫిబ్రవరి నుంచి జావాస్క్రిప్ట్ ఫైళ్లనూ ఆ జాబితాలో చేర్చింది. ఫైలు మంచిదా చెడ్డదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. జిప్‌లో దాచినా లోపలి పేర్లు చదువుతుంది. పాస్‌వర్డ్ పెట్టినా ఆగిపోవడానికి కారణం కూడా ఇదే: మామూలు జిప్‌లో పాస్‌వర్డ్ ఫైళ్లలోని సమాచారానికే తాళం వేస్తుంది గాని, ఫైళ్ల పేర్ల పట్టిక బయటికి అలాగే కనబడుతూ ఉంటుంది. పెట్టెకు తాళం వేసి, లోపల ఏముందో మూత మీద చీటీ అంటించినట్టు. జేపీజీ అని పేరు మార్చినా ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి అది జిప్ అని తెలిసిపోతుంది.

అందువల్ల దయచేసి ఒక పని చేయండి. ఆ జిప్‌ను విప్పకుండా, 7-జిప్‌లోనే తెరిచి, అందులోని ప్రతి పేరును చివరి మూడు నాలుగు అక్షరాలతో సహా ఇక్కడ రాయండి. విండోస్ కిటికీలో చూసి రాయవద్దు, అది చివరి అక్షరాలను మామూలుగా దాచేస్తుంది. 2000 మే నెలలో ప్రపంచమంతటా పాకిన ఐలవ్‌యూ వైరస్ బతికింది ఈ దాపరికం మీదే. పేరు చివర ఉన్న వీబీఎస్ కనబడక, జనం దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలు అనుకుని తెరిచారు.

సమాధానం: తొందరపాటు

ఇంత శ్రమ ఎందుకండీ? ప్రెస్సువారిని పది నిమిషాలు యాంటీవైరస్ ఆపుకుని దించుకోమనండి, పని అయిపోతుంది. నేను చాలాసార్లు అలాగే చేశాను.

సమాధానం: పేజీల పని

పై సలహాను దయచేసి పాటించకండి. నేను పదిహేనేళ్లుగా డీటీపీ పనిలో ఉన్నాను, ఒక్క పెన్‌డ్రైవ్ వల్ల మూడు కంప్యూటర్లలోని పెళ్లి శుభలేఖల ఫైళ్లన్నీ మాయమైన రోజు నాకు ఇంకా గుర్తుంది. (మాయం కాలేదని, దాగి ఉన్నాయని తరువాత తెలిసింది. అప్పటికే సగం శుభలేఖలు మళ్లీ కూర్చాము.)

మాస్టారూ, మీ కథలో నాకు అనుమానం కలిగించినది పెన్‌డ్రైవ్. జిరాక్సు షాపుల్లో, డీటీపీ సెంటర్లలో రోజుకు పదుల కొద్దీ పెన్‌డ్రైవ్‌లు ఒకే కంప్యూటరులోకి వెళ్లి వస్తుంటాయి. అక్కడ అంటుకునే షార్ట్‌కట్ వైరస్ చేసే పని ఇది: మీ అసలు ఫోల్డరును దాచేసి, అదే పేరుతో, అదే పసుపుపచ్చ బొమ్మతో ఒక షార్ట్‌కట్‌ను పెడుతుంది. తేడా అల్లా బొమ్మ ఎడమవైపు కింది మూలన ఉండే చిన్న బాణం గుర్తు. దాని మీద నొక్కితే మీ ఫోల్డరు తెరుచుకుంటుంది కనుక మీకు అనుమానం రాదు, అదే సమయంలో వెనుక ఒక స్క్రిప్టు కూడా నడుస్తుంది. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాములు వాటంతట అవే నడవడం ఆగిపోయింది కనుక, మన చేతనే నొక్కించుకునే ఈ ఉపాయం వాటికి అవసరమైంది.

పరీక్షించడం సులభమే. బాణం ఉన్న ఫోల్డరు కనబడితే దాని మీద రెండుసార్లు నొక్కకుండా, కుడివైపు మీటతో ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ అనే గడిలో ఏముందో చూడండి. నిజమైన షార్ట్‌కట్ అయితే అక్కడ ఒక ఫోల్డరు చిరునామా మాత్రమే ఉంటుంది. వైరస్ పెట్టినది అయితే ఆ గడి సీఎండీ అన్న ప్రోగ్రాముతో మొదలై, చదువుతూ పోతే ఎక్కడో ఒకచోట వీబీఎస్ లేదా జేఎస్ అన్న ముక్క తగులుతుంది. దాగిన అసలు ఫోల్డరు కావాలంటే, దాచిన ఫైళ్లను చూపించు అన్న గడిలో గుర్తు పెడితే చాలదు. వైరస్ వాటికి సిస్టం ఫైలు అన్న ముద్ర కూడా వేస్తుంది కనుక, ఫోల్డర్ ఆప్షన్స్‌లో రక్షిత సిస్టం ఫైళ్లను దాచు అని ఉన్నచోట గుర్తు తీసేయాలి. పని ముగిశాక ఆ గుర్తు మళ్లీ పెట్టేయండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు

మీరు చెప్పినట్టే 7-జిప్‌లో తెరిచి చూశాను. పేజ్‌మేకర్ ఫైళ్లు మూడు, ఫొటోలు తొమ్మిది ఉన్నాయి. వాటితోపాటు "ఫొటోలు" అనే పేరుతో ఎల్‌ఎన్‌కే ఒకటి, "పేజీలు" అనే పేరుతో ఎల్‌ఎన్‌కే మరొకటి, రెండూ 2 కేబీ. ఆటోరన్ అనే ఫైలు ఒకటి. ఫాంట్లు అనే పేరుతో ఈఎక్స్‌ఈ ఒకటి. షార్ట్‌కట్ టార్గెట్‌లో సీఎండీతో మొదలైన పొడవాటి వరుస ఉంది, దాని మధ్యలో వీబీఎస్ కూడా కనిపించింది. ఫాంట్ల సంగతి డీటీపీ సెంటరులో అడిగితే, దాన్ని తామే పెట్టామని, ప్రెస్సులో ఫాంట్లు లేకపోతే రెండుసార్లు నొక్కగానే వాటంతట అవి విప్పుకునేలా కట్టిన మూట అని చెప్పారు. సిగ్గుపడుతూ మరొకటి చెప్పాలి: నా యాంటీవైరస్ గడువు తీరి ఎనిమిది నెలలయిందట. మూలన గుర్తు కనబడుతోంది కదా అని అది పని చేస్తూనే ఉన్నదనుకున్నాను.

సమాధానం: సర్వర్ గది

ఇప్పుడు సంగతి తేటపడింది. జీమెయిల్ ఆ ఎల్‌ఎన్‌కే ఫైళ్లనూ, ఈఎక్స్‌ఈనీ పేరు చూసే ఆపింది. ప్రెస్సువారి యాంటీవైరస్ పక్కన పెట్టిన రెండు ఫైళ్లు బహుశా ఆ షార్ట్‌కట్లే అయి ఉంటాయి. ఫాంట్ల మూట నిర్దోషి కావచ్చు, కాని మెయిల్‌లో వెళ్లదు. అందులోని టీటీఎఫ్ ఫైళ్లను, అంటే అసలు ఫాంట్లను, విడిగా పెడితే వెళ్తాయి.

గడువు తీరిన యాంటీవైరస్‌కు కొత్త వైరస్‌ల గుర్తులు అందవు. పైగా వేరే యాంటీవైరస్ ఉన్నచోట విండోస్‌లోని డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది కనుక, ఒక్కోసారి కాపలాదారు ఎవరూ లేని ఇల్లవుతుంది. పాతదాన్ని పూర్తిగా తీసేసి, డిఫెండర్ మేల్కొన్నదో లేదో విండోస్ సెక్యూరిటీలో చూసి, అప్‌డేట్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ అన్నదాన్ని నడపండి. కంప్యూటరు తనంతట తాను రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కనుక నడుస్తున్న వైరస్‌కు దాక్కునే వీలుండదు. సుమారు పావుగంట పడుతుంది, మొదలుపెట్టే ముందే మీ ఇతర ఫైళ్లు తెరిచి ఉంటే భద్రపరచుకోండి.

మీరు ఆ షార్ట్‌కట్ మీద ఎప్పుడైనా నొక్కి ఉంటే, స్కాన్ తరువాత ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టి, అందులో ఒక ఫోల్డరు సృష్టించి, తీసి మళ్లీ పెట్టి చూడండి. దానికి బాణం మొలిస్తే వైరస్ ఇంకా మీ కంప్యూటరులోనే ఉంది. అటువంటప్పుడు భారత ప్రభుత్వం నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచితంగా ఇచ్చే తొలగింపు సాధనాలను కూడా ప్రయత్నించవచ్చు.

సమాధానం: ఆడిటర్ సహాయకురాలు

సంచిక విషయం తేలింది కనుక, ఇదే కోవలో మా కార్యాలయంలో ఎదురయ్యే ఒక సంగతి చెబుతాను. ఫైలు మంచిదో కాదో తెలుసుకోవడానికి వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటులో వేసి చూడమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. డెబ్బైకి పైగా స్కానర్లతో ఒకేసారి చూపించుకోగలగడం నిజంగా గొప్ప సౌకర్యమే. అయితే అక్కడికి ఎక్కించిన ఫైలు భద్రతా సంస్థలకూ, పరిశోధకులకూ అందుబాటులోకి వెళ్తుంది. మా దగ్గరకు వచ్చేవి జనాల ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు. వాటిని అలా పరాయివాళ్ల చేతిలో పెట్టలేము. అందుకని 7-జిప్ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు) లెక్కగట్టించి, వచ్చిన 64 అక్షరాల వరుసను మాత్రమే అక్కడ వెతుకుతాము. అదే ఫైలును ఇంతకుముందు ఎవరైనా పరీక్షించి ఉంటే ఫలితం కనబడుతుంది, మన ఫైలు మన దగ్గరే ఉంటుంది. ఫలితం రాకపోతే మంచి ఫైలని అర్థం కాదు, ఇంతవరకు ఎవరూ దాన్ని చూపించలేదని మాత్రమే.

తాళం వేసిన ఫైళ్ల గురించి ఒక మాట. ఈ-ఆధార్ పిడిఎఫ్‌కు పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి పాస్‌వర్డ్‌గా ఉంటాయని అందరికీ తెలుసు. అటువంటి ఫైలు లోపలికి స్కానర్ చూడలేదు కనుక కొన్ని కార్యాలయాల మెయిల్ వ్యవస్థలు హెచ్చరిక తగిలిస్తాయి, దానికి కంగారు పడనక్కరలేదు. కాని ఎవరో తెలియనివారి నుంచి తాళం వేసిన జిప్ వచ్చి, దాని పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాసి ఉంటే మాత్రం మేము తెరవము. ఎమోటెట్ అనే వైరస్ ముఠా స్కానర్ల కళ్లు కప్పడానికి సరిగ్గా ఆ పద్ధతినే వాడింది. 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు దాని సర్వర్లను పట్టుకున్నా, అదే ఏడాది నవంబరులో మళ్లీ తలెత్తింది.

విశ్రాంత ఉపాధ్యాయుడు

ఆఫ్‌లైన్ స్కాన్‌లో రెండు దొరికాయి, తొలగించాను. ఖాళీ పెన్‌డ్రైవ్‌కు బాణం మొలవలేదు. డీటీపీ సెంటరువారికి చెబితే మొదట నొచ్చుకున్నారు గాని, టార్గెట్ గడిని ఫోనులో ఫొటో తీసి చూపించాక వాళ్ల కంప్యూటర్లనూ చూసుకున్నారు. ఫాంట్లు లోపలే పొదిగిన పిడిఎఫ్‌గా పేజీలను మార్చి నేరుగా మెయిల్‌లో పంపారు, కనుక ఈఎక్స్‌ఈ అవసరమే పోయింది. ఆ పిడిఎఫ్‌ను ప్రెస్సుకు పంపాను, ఏ హెచ్చరికా లేకుండా చేరింది. ప్రెస్సువారు ఫోను చేసి ఈసారి వైరస్ గురించి కాక, పదిహేడో పేజీలో పాత ప్రధానోపాధ్యాయుల ఫొటో మసకగా ఉందని చెప్పారు.

ఒక్క సందేహం మిగిలింది. ఆ పాత పెన్‌డ్రైవ్‌ను పారేయాలా?

సమాధానం: పేజీల పని

పారేయనక్కరలేదు మాస్టారూ. శుభ్రమైన కంప్యూటరులో పెట్టి, ఏదీ తెరవకుండా ఫార్మాట్ చేయండి. ఆ ప్రధానోపాధ్యాయుల ఫొటో అసలు ప్రింటు ఎవరి దగ్గరైనా ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేయించి, దాన్ని కూడా మెయిల్‌లోనే తెప్పించుకోండి.