అమృతం మొదటి ఎపిసోడ్లు మళ్లీ చూస్తున్నా, మీ అమృతం ఎవరు?

నల్లకుంట_నైట్‌షిఫ్ట్:
మొన్న వానకి రెండు రోజులు ఇంట్లోనే ఇరుక్కుపోయి, యూట్యూబ్‌లో అమృతం కామెడీ సీరియల్ మొదటి నుంచి పెట్టాను. దీనికి సీజన్లూ గీజన్లూ ఏమీ లేవు, 2001 నవంబర్ 18న జెమినీలో మొదలై 2007 నవంబర్ 18న ఆగింది, మొత్తం 313 ఎపిసోడ్లు. అయితే అమృతం పాత్రకి ముగ్గురు నటులు మారారు కదా, మొదటాయన శివాజీ రాజా ఉన్నంతవరకూ మొదటి సీజన్ అని నేనే గీత గీసుకున్నా. నిజం చెప్పాలంటే మొదటి నాలుగైదు ఎపిసోడ్లు మనసుకి ఎక్కలేదు, సీన్ నడుస్తుంటే చివరి అమృతం హర్షవర్ధన్ ఈ మాట ఎలా అనేవాడా అని ఆలోచిస్తూ కూర్చున్నా. అమృతం ఫ్రెండ్ ఆంజనేయులుకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. గుండు హనుమంతరావు మొదటి రోజే మొత్తం పట్టేశాడు, ఆ నసుగుడూ ఆ భయమూ అన్నీ. ఆయన 2018లో పోయారని గుర్తొచ్చి ఒకచోట వీడియో ఆపేశాను కూడా. మీలో ఎవరైనా ఈ మధ్య మొదటి నుంచి చూశారా?

చిక్కడపల్లి_చిన్నది:
నేను చూశా. నాకు అమృతం అంటే నరేష్, ఎందుకంటే మా ఇంటికి కేబుల్ వచ్చేసరికి ఆయనే ఉన్నాడు, అంతే. అంతకుముందు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి కింద వాటాలో అత్తయ్యగారింటికి పోయేవాళ్లం, వాళ్లు అన్నాలు తింటుంటే మేం గుమ్మం దగ్గర కూర్చుని టీవీ చూడటం. యాడ్స్ వస్తే మా అమ్మ "లేవండి, వాళ్లు పడుకోవాలి" అని గిల్లేది. అందుకే మొదటి ఎపిసోడ్లు నాకు సగం సగమే గుర్తున్నాయి. అమృతం భార్య సంజీవనిగా ముందు ఝాన్సీ చేసిందని మొన్న చూసేదాకా పూర్తిగా మర్చిపోయా!

ఇడ్లీ_ఓనర్_మూసాపేట:
మీరు నటుల గురించి మాట్లాడుతున్నారు, నేను మా ఓనర్ గురించి మాట్లాడతా. ఇంటర్‌లో చూసినప్పుడు సీరియల్లో ఓనర్ అప్పాజీ వస్తే పడీ పడీ నవ్వేవాణ్ని. ఇప్పుడు నాకో చిన్న టిఫిన్ సెంటర్ ఉంది, ఆరేళ్లయింది. పోయిన నెల మళ్లీ చూస్తుంటే అప్పాజీ గుమ్మంలోకి రాగానే నాకు కడుపులో దేవినట్టయింది. మా ఓనరూ అంతే, అద్దె అని నోటితో అనడు. పొద్దున్నే ఆరున్నరకి, నేను మొదటి వాయి దించే టైముకి సరిగ్గా వచ్చి, ఇడ్లీ పాత్ర మూత ఎత్తి చూసి "గిరాకీ బాగున్నట్టుందే" అంటాడు. రెండు ప్లేట్లు తిని, చట్నీ ఇంకోసారి వేయించుకుని, చెయ్యి కడుక్కుంటూ అడ్వాన్స్ పెంచే సంగతి తీస్తాడు. ప్లేట్లకి డబ్బులు అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఎదురుగా పోటీ హోటల్ అంబుజ విలాస్ కిటకిటలాడుతుంటే అమృతం వాళ్ల హోటల్ అమృత విలాస్‌లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి చూడండి, అది కామెడీ కోసం పెట్టింది కాదు భయ్యా. ఆదివారం వాన పడిందా, నానబెట్టిన పిండి మొత్తం సోమవారానికి పులిసిపోతుంది, పునుగులు వేసినా తీరదు. అప్పుడు బుర్రలోకి వచ్చే ఐడియాలు అచ్చంగా అమృతం, ఆంజనేయులు ఐడియాలే. నేనూ ఒకసారి "పది దోశలు తింటే పదకొండోది ఫ్రీ" అని బోర్డు పెట్టా. హాస్టల్ పిల్లలు నలుగురు ఒకే బిల్లు మీద పదకొండూ తిని పోయారు.

పాతటేపుల_పిచ్చోడు:
😂 ఇదే ఒక ఎపిసోడ్ అవుతుంది.
ఒక ముక్క. మొదట్లో కొన్ని ఎపిసోడ్లు తీసింది చంద్రశేఖర్ ఏలేటి, తర్వాత 2003లో ఐతే సినిమా తీసింది ఆయనే, రెండింటికీ నిర్మాత గుణ్ణం గంగరాజే. టైటిల్ పాట సిరివెన్నెల రాశారు, కల్యాణి మాలిక్ బాణీ. ఓటీటీలో ఇంట్రో స్కిప్ చేసే మా అబ్బాయి దీనికి మాత్రం బటన్ జోలికి పోడు.

మణికొండ_మౌనం:
నాకు మొదటివి అంతగా నచ్చలేదు, తిడితే తిట్టండి. కొన్నిచోట్ల సీన్ అయిపోయినా సాగుతూనే ఉంటుంది. అసలు రుచి హర్షవర్ధన్ వచ్చాకే.

చిక్కడపల్లి_చిన్నది:
నువ్వు మొదట చూసింది ఆయన్నే కాబట్టి అలా అంటున్నావ్.

మణికొండ_మౌనం:
అవ్వచ్చు. కాదనను.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్:
నిన్న రాత్రికి నరేష్ వచ్చేశాడు. మా ఆవిడది బళ్లారి, ఈ సీరియల్ పేరు కూడా వినలేదు, నాతోపాటే మొదటిసారి చూస్తోంది. నరేష్ ఇంట్లోకి రాగానే పల్లీలు ఒలవడం ఆపి, "ఈయనెవరు? మన అమృతం ఏడీ?" అంది. ఇంకొకడు కూడా వస్తాడని చెప్పలేదు.

ఇడ్లీ_ఓనర్_మూసాపేట:
చెప్పకు. ఆవిడే చూసుకుంటుంది.