‘సూపర్ కండిషన్’ అని రాసి, డిస్‌ప్లే మార్చిన సంగతి చెప్పకపోతే అది మోసమా?

ఏడురోడ్ల వాసి (కడప)
శామ్‌సంగ్ ఏ52 అమ్మకానికి పెట్టిన ప్రకటన ఇది: "సింగిల్ హ్యాండ్, ఒక్క గీత లేదు, సూపర్ కండిషన్, బిల్లు బాక్సు ఉన్నాయి, ఫిక్స్‌డ్ రేటు." నాలుగు ఫోటోలు, నాలుగింట్లోనూ స్క్రీన్ ధగధగా వెలుగుతాంది. చేతికొచ్చినాక చూస్తే వేలిముద్ర తీసుకోదు. చీకటి గదిలో నల్ల బొమ్మ పెడితే స్క్రీనంతా బూడిద రంగులో మెరుస్తాది. అంటే అసలు అమోలెడ్ (చుక్క చుక్కా తానే వెలిగే తెర) పీకేసి టీఎఫ్‌టీ (వెనక లైటుతో వెలిగే చవక తెర) కాంబో, అంటే తెరా గ్లాసూ కలిసిన సెట్టు, బిగించినారు. ప్రకటనలో మాత్రం ఒక్క మాటా అబద్ధం కాదు. గీత నిజంగానే లేదు, గ్లాసు కొత్తది కదా! ఇది మోసమా కాదా, అది తేల్చండి.

హాట్‌గన్ (అనంతపురం)
వేలిముద్ర పనిచేయదని రాయకపోవడం తప్పే. డిస్‌ప్లే మార్చినట్టు రాయకపోవడం తప్పు కాదు. ఈ రెండూ కలపొద్దప్పా.

కాంబోల్లో రకాలుండాయి. సర్వీస్ ప్యాక్ అంటే కంపెనీదే, ఫ్రేముతో సహా వస్తాది. రెండోది తీసిన ఒరిజినల్, అంటే బోర్డు చచ్చిన ఫోన్‌లోంచి జాగ్రత్తగా ఊడదీసింది. మూడోది కాపీ ఓలెడ్, అంటే అమోలెడ్ జాతిదే, బయటి కంపెనీ నకలు. దాంట్లో వేలిముద్ర కొన్నిటికి వస్తాది, కొన్నిటికి రాదు. ఆఖరిది నువ్వు చెప్పిన టీఎఫ్‌టీ. ఏ52లో వేలిముద్ర సెన్సార్ స్క్రీన్ కింద ఉంటాది, స్క్రీన్ వెలుతురే వేలికి తగిలి మళ్లా కిందికి రావాల. టీఎఫ్‌టీకి వెనకాల బ్యాక్‌లైట్ పొర అడ్డం, ఇంక యాడ వస్తాది? సర్వీస్ ప్యాక్ వేసిన ఫోన్‌కూ, టీఎఫ్‌టీ వేసిన ఫోన్‌కూ "డిస్‌ప్లే ఛేంజ్" అని ఒకే ముద్ర కొడితే మొదటోడికి అన్యాయం కాదా?

బురుజు నీడ (కర్నూలు)
అన్యాయం తప్పించడం తేలికే. ఏ రకం వేశారో ఆ పేరు రాస్తే సరిపోతుంది. "డిస్‌ప్లే మార్చాం, సర్వీస్ ప్యాక్, బిల్లు ఉంది" అని రాసినవాడిని ఎవరూ తప్పు పట్టరు. దాచాల్సిన అవసరం టీఎఫ్‌టీ వేసినవాడికే కదా.

"సూపర్ కండిషన్" అన్న మాటకు అర్థం లేదు, దాని జోలికే పోవద్దు. చూపించగలిగిందే రాయాలి. శామ్‌సంగ్‌లో *#0*# కొడితే పరీక్షల పేజీ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండుగా పెట్టి ఒక్కోటి ఫోటో తీయాలి. తర్వాత లైటార్పి నల్ల తెర ఒకటి. అసలు అమోలెడ్ అయితే గదిలో ఫోన్ ఎక్కడుందో కనపడదు. టీఎఫ్‌టీ అయితే అంచుల్లోంచి, ముందు కెమెరా చిల్లు చుట్టూ వెలుతురు కారుతుంది. అదే పేజీలో టచ్ పరీక్షకు పోయి గళ్లన్నీ వేలితో నింపాలి, మూలల్లో గడి మిగిలిపోతే అక్కడ టచ్ చచ్చినట్టు. ఇదే పరీక్ష చార్జర్ పెట్టి ఇంకోసారి చేయాలి. నాసిరకం కాంబోలు చార్జింగులో ఉన్నప్పుడు వాటంతటవే నొక్కుకుంటాయి.

ఆఖరున ఫోన్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు ఫోటో. ఫ్రేము మీద గ్లాసు గోరుకు తగిలేంత ఎత్తుగా ఉంటే అది మందంగా ఉండే కాపీ ప్యానెల్. లేదా లోపల బ్యాటరీ ఉబ్బి తోస్తోంది. రెండూ కొనేవాడికి తెలియాల్సినవే.

చిత్రావతి
ఇంత చదివి ఎవరు కొంటారు సామీ? "ఫోన్ బాగుంది, వచ్చి చూసుకో" అంటే సరిపోలే?

బురుజు నీడ
ఆదోని నుంచి హిందూపురం దాకా వచ్చి చూసుకోమంటారా? ఆన్‌లైన్‌లో అమ్మేదే చూడకుండా కొనేవాడికి.

హాట్‌గన్
అడ్డంగా పట్టుకుని గోరుతో చూడమంటాండావే, ఒరిజినల్ ప్యానెల్ కూడా టెంపర్డ్ గ్లాస్ వేసి ఉంటే గోరుకు తగులుతాది. ముందు అది తీయమని చెప్పు.

బురుజు నీడ
తీసే చూడాలి, అది వేరే చెప్పాలా? అసలు టెంపర్డ్ గ్లాస్ ఉంచి ఫోటో తీయడమే మొదటి దొంగాట. గీతలన్నీ దాని కింద దాక్కుంటాయి.

హాట్‌గన్
దొంగాట అంటే ఎట్ల? కొనేవాడికి గ్లాస్ ఫ్రీగా వస్తాంది కదా.

*(ఇక్కడి నుంచి ఇద్దరూ టెంపర్డ్ గ్లాస్ మీదే ఆరు జవాబులు రాశారు. మడిచి పెట్టాం. — నిర్వాహకులు)*

తాడిపత్రి బండ
లాప్‌టాప్‌లదీ ఇదే కథ. "బ్యాటరీ బ్యాకప్ బాగుంది" అని రాసేదానికి బదులు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport కమాండ్ ఇచ్చి, వచ్చిన పేజీలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ రెండు అంకెలూ రాస్తే పోతాది. 45,000కు 27,000 మిగిలిందంటే 60 శాతం అని కొనేవాడే లెక్కేసుకుంటాడు. హింజ్, అంటే మూత కీలు, కూడా చూపించండి. మూత 90 డిగ్రీలు తెరిచి వెనక మూలల్లో ఫోటో తీస్తే చాలు. లోపల ప్లాస్టిక్‌లో దిగేసిన ఇత్తడి గుండీలు ఊడిపోయి ఉంటే అక్కడ సందు తెరుచుకుంటాది. కొందరు ఎం-సీల్ పెట్టి అతికించి "హింజ్ ఓకే" అంటారు. అది నాలుగు రోజుల ముచ్చట.

నల్లమల గాలి
ఫోన్ బ్యాటరీ గురించి కూడా. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 100 చూసి మురిసిపోకండి. ఐఫోన్ 14 దాకా మోడళ్ల బ్యాటరీ 500 సైకిళ్లకు (ఒక నిండు చార్జి వాడితే ఒక సైకిల్) 80 శాతం దగ్గర ఉండేటట్టు చేసింది, 15 నుంచి 1,000 సైకిళ్లకు. మూడేళ్లు వాడిన ఫోన్ 100 చూపిస్తోందంటే బ్యాటరీ మార్చి ఉండాలి, లేదా ప్రోగ్రామర్ అనే పరికరం పెట్టి అంకె మార్చి ఉండాలి. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో మార్చిన పార్టుల చిట్టా ఉంటుంది, ఐఓఎస్ 15.2 నుంచి. డిస్‌ప్లే మార్చితే ఐఫోన్ 11 నుంచి, కెమెరా అయితే 12 నుంచి చూపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ ప్రకటనలో పెట్టని ఐఫోన్ నేనైతే కొనను. పైగా మన ఎండలు. 35 డిగ్రీలు దాటిన వేడిలో పెడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని యాపిల్ కంపెనీయే చెబుతోంది. కర్నూల్లో మే నెల పగళ్లు దానికి పైనే.

ప్లీడరు గుమాస్తా (ప్రొద్దుటూరు)
అడిగిన ప్రశ్న మోసమా కాదా అని. జవాబు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఊరకుండటం ఒక్కటే మోసం కాదు. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చినారు: గుర్రానికి లోపముందని తెలిసీ వేలంలో చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అన్నాడు, అమ్మేవాడు నోరు మెదపలేదు. అప్పుడు ఆ మౌనం మాట కిందే లెక్క.

కాబట్టి కొనే ముందు రాతలో అడగండి: "డిస్‌ప్లే, బ్యాటరీ, బోర్డు, ఏదైనా మార్చారా? జవాబు లేకపోతే మార్చలేదనుకుంటా." ఆ మెసేజ్ దాచుకోండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చూసి కొన్నదైతే సరుకు ఆ వర్ణనకు సరిపోవాల్సిందే. అయితే కొనేవాడు ముందే చూసుకుని ఉంటే, చూస్తే తెలిసే లోపాలకు నాణ్యత హామీ ఉండదు. అందుకే "వచ్చి చూసుకో" అనేవాళ్లకు ఆ మాటంటే అంత ప్రేమ.

హాట్‌గన్
చూసినారా? చట్టమే నా పక్కన ఉండాది. చెప్పకపోతే మోసం కాదు.

ప్లీడరు గుమాస్తా
సగం చదివి సంబరపడొద్దు నాయనా. "సూపర్ కండిషన్" అని నోరు తెరిచినాక అది మౌనం ఎట్ల అవుతాది?

బురుజు నీడ
హాట్‌గన్ గారూ, చట్టం పక్కన పెట్టండి. ఏ52కు ఐపీ67, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోవన్న రేటింగు, ఉంది. కొనేవాడు ఆ అంకె చూసే కొంటాడు. డిస్‌ప్లే ఊడదీస్తే చుట్టూ ఉన్న జిగురు పట్టీ తెగుతుంది. మీరు సర్వీస్ ప్యాకే వేయండి, తర్వాత ఐపీ67 ఉంటుందా?

హాట్‌గన్
కొత్త పట్టీ వేసి క్లాంప్ పెడితే...

బురుజు నీడ
వేస్తున్నారా? చాలాచోట్ల బీ7000 గమ్ము సన్నగా గీసి, రబ్బరు బ్యాండ్లు నాలుగు వేసి, అరగంటకే చేతిలో పెడతారు. ఆ గమ్ము పూర్తిగా గట్టిపడాలంటే ఒక రోజు మించి పడుతుంది. అరగంటకు జేబులో వేసుకుంటే ఒక మూల లేస్తుంది, ఆ సందులోంచి దుమ్ము పోయి సెన్సార్ మీద కూర్చుంటుంది. ఇది చెప్పాల్సిన విషయం కాదా?

హాట్‌గన్
మీకందరికీ రిపేర్ అంటే దొంగతనం. చెప్పేసినా ఇంక. "సీల్ విప్పలేదు" అని రాస్తే ఎగబడి కొంటారు. దాని లోపల బ్యాటరీ ఉబ్బి ఉన్నా, చార్జింగ్ సీసీ బోర్డులో (చార్జర్ గుచ్చే చిన్న బోర్డు) తుప్పు పట్టి ఉన్నా అడిగేవాడు లేడు. విప్పి, తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, నాలుగు స్క్రూలు సరైన తావులో పెట్టిన ఫోన్‌ను మాత్రం "ఓపెన్ చేసినాది" అని రెండు వేలు కోస్తారు. పొడుగు స్క్రూ పొట్టిదాని తావులో దూరిస్తే బోర్డులో లైను తెగుతాదని తెలిసి చేసే పనప్పా ఇది. నిజం రాస్తే తగ్గిస్తారు, రాయకపోతే దొంగ అంటారు. ఏం చేయమంటారు రిపేరోళ్లను?

నల్లమల గాలి
ఇప్పుడు బయటికొచ్చింది అసలు బాధ.

బురుజు నీడ
దాని మీద నాకు పేచీ లేదు. మంచి రిపేరుకు ధర రావాలి. దానికి దారి దాచడం కాదు, బిల్లు ఇవ్వడం. ఏ పార్టు, ఏ రకం, ఏ తేదీ, ఎన్ని రోజుల వారంటీ: నాలుగు మాటలు కాగితం మీద రాసిస్తే అమ్మేవాడు దాన్ని ఫోటో తీసి పెడతాడు. ఎన్ని అంగళ్లలో ఇస్తున్నారు? తగ్గే రెండు వేలు ఎవరి జేబులోంచి పోవాలన్నదే గొడవ. మీరు కొనేవాడి జేబు అంటున్నారు, నేను అమ్మేవాడిది అంటున్నాను.

తాడిపత్రి బండ
ఏడురోడ్లూ, నువ్వు మంట పెట్టి యాడికి పోయినావు? ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుండాది?

ఏడురోడ్ల వాసి
నా దగ్గరే. అమ్మాలనుకుంటాండా.

చిత్రావతి
హహ్హ. అట్ల చెప్పు.

బురుజు నీడ
అంటే మీ ప్రశ్న "నన్ను మోసం చేశారా" అని కాదు. "నేనూ అట్లే రాయొచ్చా" అని!

ఏడురోడ్ల వాసి
నాకెవరూ చెప్పలేదు కదన్నా. నేను చెబితే నష్టం మొత్తం నా నెత్తిన పడతాది. ముందు అమ్మినోడు ఫోన్ ఎత్తడం లేదు.

ప్లీడరు గుమాస్తా
ఇప్పుడు నీకు తెలుసు. పైగా తెలిసినట్టు ఇక్కడ నీ చేత్తోనే రాసినావు. ఇంతకంటే సాక్ష్యం ఎవరికి కావాల?

హాట్‌గన్
ఏడురోడ్లూ, నేనే చెప్తాండా, రాసేయ్. టీఎఫ్‌టీ దాచమని నేనెప్పుడూ అనలే. ఇట్ల రాయి:

"శామ్‌సంగ్ ఏ52. డిస్‌ప్లే మార్చినది, టీఎఫ్‌టీ. వేలిముద్ర పనిచేయదు, పిన్ను పెట్టుకోవాల. నీళ్లలో తడపొద్దు. టచ్ అన్ని గళ్లూ పనిచేస్తాయి, చార్జింగులో కూడా చూసినాం. బ్యాటరీ మార్చలేదు. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) బాక్సు మీదిదీ, *#06# కొడితే వచ్చేదీ ఒకటే. గూగుల్ అకౌంట్ తీసి రీసెట్ చేసి ఇస్తాం."

ఆ చివరిది మరవొద్దు. సెట్టింగ్స్‌లో అకౌంట్ తీయకుండా బటన్లతో రీసెట్ కొడితే, తెరవగానే పాత అకౌంట్ అడుగుతాది, కొన్నోడు నీకే ఫోన్ చేస్తాడు.

బురుజు నీడ
"డిస్‌ప్లే మార్చినది" మొదటి వరుసలోనే పెట్టారు. సంతోషం. ఒకటి కలపండి: కొనేవాడు కేవైఎం (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పెడితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. నంబరు ప్రకటనలో బహిరంగంగా పెట్టొద్దు, అడిగినవాళ్లకు విడిగా పంపండి.

ఏడురోడ్ల వాసి
"టీఎఫ్‌టీ" అంటే ఎవరికి అర్థమవుతాదన్నా? "డూప్లికేట్ డిస్‌ప్లే" అని రాసేదా?

హాట్‌గన్
డూప్లికేట్ అనొద్దు. "కాపీ కాంబో, టీఎఫ్‌టీ" అని రాయి. డూప్లికేట్ అంటే ఫోనే డూప్లికేట్ అనుకుంటారు.

బురుజు నీడ
దీంట్లో మాత్రం హాట్‌గన్ గారు చెప్పిందే రైటు. టెంపర్డ్ గ్లాస్ తీసి ఫోటోలు పెట్టండి.

హాట్‌గన్
మళ్లా టెంపర్డ్ గ్లాసా!

చిత్రావతి
ఏడురోడ్లన్నా, అదే ఏ52, లాస్ట్ ఎంతకిస్తావు?