బోరు ఉప్పునీళ్లకు సోలార్ హీటరు: రాగి పలకా, గాజు గొట్టాలా?

ఎర్రనేల:
మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అయినా కార్తీకంలో తెల్లారుజామున 4 గంటలకే తలస్నానం. ఇన్నాళ్లూ చిల్లకంప పెట్టి కాగులో కాస్తున్నాం. ఈసారి 100 లీటర్ల సోలార్ పెట్టిద్దామంటే, గాజు గొట్టాలు కోతులు పగలగొడతాయి, రాగి పలకది తీసుకోండి అంటున్నాడు షాపాయన. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా పట్టేస్తుంది. ఏది మేలు? తెల్లారేదాకా వేడి ఆగుతుందా? సూర్యఘర్ సబ్సిడీ వస్తుందా?

మెట్టరైతు:
సూర్యఘర్ కరెంటు పలకలకే అండి. నీళ్లు కాచేవాటికి రాదు.

డాబామీద మాస్టారు:
మీ నీళ్లకు రాగి పలక వద్దు. అందులో గొట్టాలు వేలంత సన్నం. ఉప్పు పట్టిందంటే నీరు తిరగదు, పైన పలక మాడిపోతున్నా ట్యాంకులో గోరువెచ్చనే. మాది మూడేళ్లకే మూసుకుపోయింది.

ఇప్పుడు గాజుదే. సంక్రాంతి ముందు గొట్టాలు ఊడదీసి బోర్లిస్తే ఒక్కోదాన్నుంచి గుప్పెడు తెల్లటి పొడి రాలుతుంది, అచ్చం బొంబాయి రవ్వ. మా ఆవిడ "ఉప్మా చేసేయనా" అంటుంది. ఆ పని పొద్దున్నే చేయండి. మొదటిసారి నేను మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న ఖాళీ గొట్టాల్లోకి చన్నీళ్లు వదిలాను. టప్‌మని రెండు పగిలాయి. ఇంట్లో కోతుల మీదకు నెట్టేశాను.

నిజం కోతులకైతే ఇనుప జాలీ చాలు. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకంతా కారిపోతుంది, రెండు అదనంగా కొనిపెట్టుకోండి. రాత్రి ఎవరూ వాడకపోతే 4 గంటలకు కూడా చన్నీళ్లు కలుపుకునేంత వేడి ఉంటుంది. వాడితే ఆ మేరకు చన్నీళ్లు చేరి చల్లారుతుంది.

ఎర్రనేల:
మా చన్నీళ్ల ట్యాంకు స్లాబు మీదే ఉంది మాస్టారూ, పర్లేదా?

డాబామీద మాస్టారు:
కుదరదు. దాని అడుగు, సోలార్ ట్యాంకు నెత్తి కంటే ఎత్తులో ఉండాలి. దిమ్మెలు కట్టించండి, ఆ ఖర్చు షాపాయన లెక్కలో ఉండదు. దిగే పైపు సీపీవీసీ వేయించండి, మామూలు పీవీసీ వేడికి వంగిపోతుంది. కాగు మాత్రం ఉంచండి, కార్తీకంలోనే కదా తుఫాను ముసురు.

ఎర్రనేల:
అమ్మ ఎలాగూ పారేయనివ్వదు. రేపు మేస్త్రీని పిలుస్తున్నా.