కుంభ లగ్నానికి అధిపతి శనా, యురేనసా? తెలిసినవారు చెప్పగలరు

అందరికీ నమస్కారం. మా తాతయ్యగారి నోటుపుస్తకాలు చూసుకుంటూ ఏడాదిగా జ్యోతిషం నేర్చుకుంటున్నాను. నాది కుంభ లగ్నం, అంటే నేను పుట్టినప్పుడు తూర్పున ఉదయిస్తున్న రాశి కుంభం. తాతయ్య నా చక్రంలో లగ్నాధిపతి శని అని రాశారు. మొన్న పాశ్చాత్య పద్ధతిలో జాతకం వేయిస్తే యురేనస్ అని వచ్చింది. మీనానికి నెప్ట్యూన్, వృశ్చికానికి ప్లూటో అట.

యురేనస్ కనబడింది 1781లో, నెప్ట్యూన్ 1846లో, ప్లూటో 1930లో. మరి అంతకుముందు పుట్టినవాళ్ల ఫలితాలు ఎవరు నడిపినట్టు? 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహమన్నారు కదా, దాని ఆధిపత్యం ఉన్నట్టా, పోయినట్టా?

ఇంకొకటి. మన రాశిచక్రం గీసిన కాగితాన్ని పై సగం కింది సగం మీదికి వచ్చేలా మడిచి చూడండి. కుంభం మకరం మీద పడుతుంది, రెండూ శనివే. మీనం ధనుస్సు మీద, మేషం వృశ్చికం మీద, వృషభం తుల మీద, మిథునం కన్య మీద; ఈ జంటల్లోనూ రెండింటికీ అధిపతి ఒకే గ్రహం. కర్కాటకం, సింహం చంద్రసూర్యులవి. ఇంత చక్కటి అమరికను చెరపడానికి నాకు మనసొప్పడం లేదు. పైగా జీవితకాలాన్ని గ్రహాలకు దశలుగా పంచే వింశోత్తరి పద్ధతిలోని 120 ఏళ్లలో ఈ కొత్త గ్రహాలకు దశలే లేవు.

యురేనస్ ఒక్కో రాశిలో సుమారు ఏడేళ్లుంటుంది. అలాంటిదాన్ని రాశ్యాధిపతిగా కాకుండా, గోచారంలో (ప్రస్తుతం ఏ రాశిలో సంచరిస్తోందన్న లెక్కలో) మాత్రం చూసేవారు మీలో ఎవరైనా ఉన్నారా? మీ అనుభవంలో ఫలితం ఎలా కనిపించిందో దయచేసి వివరంగా రాయండి.