సీఎఫ్ ఉన్న బాబుకి నూర్పుళ్ల రోజుల్లో దగ్గు ఎక్కువైంది, ఎలర్జీయా ఇన్ఫెక్షనా?

పర్లాకిమిడి అమ్మ:
మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. బాబుకి 9 ఏళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్), అంటే పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో తెమడ చిక్కబడే జబ్బు. నెబులైజరు, ఛాతీ ఫిజియో, ఎంజైములు అన్నీ వేళకి చేయిస్తాను. కుప్పనూర్పులు మొదలైన దగ్గర్నుంచి దగ్గు, పిల్లికూతలు ఆగట్లేదు, యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా తేడా లేదు. నిన్న ఫిజియో చేస్తుంటే తెమడలో ముదురు బెల్లం రంగు గట్టి ముక్క పడింది. ఇక్కడి డాక్టరుగారు ఎలర్జీ అని స్టిరాయిడ్ మాత్రలు రాశారు, బరంపురంలో చూసినాయన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అయ్యుంటుందంటున్నారు. ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

గుణుపూర్ నాన్న:
అమ్మా, మన పిల్లల్లో రెండూ కలిసే ఉండొచ్చు. ఆ ముక్క సంగతి మాత్రం డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తడిసిన గడ్డిలో, పెంటకుప్పల్లో పెరుగుతుంది, గడ్డి కదిపితే కంటికి కనిపించని దాని బీజాలు గాలిలోకి లేస్తాయి. అవి అందరూ పీలుస్తారు, చాలామందికి ఏమీ కాదు, కానీ సీఎఫ్ పిల్లల ఊపిరితిత్తుల్లో చిక్కటి తెమడలో ఇరుక్కుని అక్కడే పెరిగి, కొందరిలో ఎలర్జీ రేపుతాయి. దాన్నే ఏబీపీఏ అంటారు, మా పాపకి వచ్చింది అదే. యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోతే దీన్ని అనుమానించాలి.

రాయగడ నర్సు:
అక్కా, మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోతే ముందు రక్తపరీక్ష సంగతి డాక్టరుని అడుగు, స్టిరాయిడ్ వేశాక ఐజీఈ (ఎలర్జీలో రక్తంలో పెరిగే యాంటీబాడీ) తగ్గిపోయి అసలు సంగతి తెలీదు. మొత్తం ఐజీఈ, ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ రెండూ చేయించాలి. సీఎఫ్‌లో మొత్తం ఐజీఈ 500 దాటితే అనుమానించాల్సిందే, అయితే ఆ అంకె ఒక్కటే చూసి తేల్చరు, ఎక్స్‌రే గానీ సీటీ గానీ చూస్తారు. తెమడ ఇచ్చేటప్పుడు బ్యాక్టీరియాకీ ఫంగస్‌కీ (బూజుకి) రెండింటికీ కల్చర్, అంటే ల్యాబులో పెంచి చూసే పరీక్ష, కావాలని నోరు తెరిచి అడుగు. సూడోమోనాస్ ఉంటే దాని మందు దానికి వేరే. బాబు ఆయాసపడుతున్నా, తెమడలో రక్తం కనిపించినా పరీక్షల కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

పర్లాకిమిడి అమ్మ:
మాత్రలు ఇంకా వేయలేదు. ఏబీపీఏ అయితే స్టిరాయిడ్ తప్పదా?

గుణుపూర్ నాన్న:
చాలామందికి తప్పదమ్మా, తోడుగా ఇట్రాకొనజోల్ అనే బూజు మందు కూడా ఇస్తారు. పాప వాడుతున్నప్పుడు షుగర్ చూస్తూ ఉండేవాళ్లు, సీఎఫ్‌లో అదో భయం. బాబు పీల్చే మందుల్లో బుడెసొనైడ్ అనే స్టిరాయిడ్ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, ఇట్రాకొనజోల్‌తో కలిస్తే ఒంట్లో స్టిరాయిడ్ ఎక్కువైపోతుంది. కళ్ళం వైపు మాత్రం పంపకండి, ఏడ్చినా సరే. గడ్డివాము కిటికీ పక్కనుంటే ఈ వారమే అక్కణ్ణుంచి తీయించేయండి, తీసేటప్పుడు బాబుని వేరే ఇంట్లో ఉంచండి.