అప్‌డేట్: ‘కడరాత్రి భోజనం’ పటం గోడ మార్చాం

నల్లగొండలో మా హాల్లో ఉన్న లియొనార్డో డా విన్సీ ‘కడరాత్రి భోజనం’ పటం పడమటి కిటికీ ఎండకు వెలిసిపోయిందని, కొత్తది ఎక్కడ పెట్టాలని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే ఎండ తగలని గోడకు పెట్టాం. అసలు చిత్రం వెడల్పు సుమారు 8.8 మీటర్లు, ఎత్తు 4.6. అదే లెక్కన, అంచులు కోయకుండా ఫ్రేమ్ కట్టించాను. పాతదాంట్లో రెండు చివర్ల శిష్యులు సగమే కనబడేవారు, నాకు ఎప్పుడూ అదే బాధ.

అమ్మ చూసి, “ప్రభువు పాదాలు ఏవి బిడ్డా, ఫ్రేమ్ కట్టినోళ్లు కోసేసిండ్రా?” అంది. వాళ్లు కోయలేదు. ఇటలీలోని మిలాన్‌లో అసలు చిత్రం గీసిన గోడకు 1652లో తలుపు పెట్టినప్పుడే ఆ భాగం పోయింది. అది చెప్తే అమ్మ చాలాసేపు పటం ముందే నిలబడింది. సాయంత్రం ప్రార్థన ఇప్పుడు ఆ గోడ దగ్గరే చేసుకుంటున్నాం.